మురుగునీటి ప్లాంట్ గురించి నేను తరచూ వినే అపోహలు

నేను మున్సిపల్ మురుగునీటి శుద్ధి ప్లాంట్‌లో ఆపరేటర్‌ని. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు ముక్కు మూసుకుంటారు, తర్వాత ఈ కిందివాటిలో ఏదో ఒకటి అంటారు.

అపోహ: ఏవో కెమికల్స్ పోసి మురుగును శుభ్రం చేస్తారు.

వాస్తవం: అసలు పని చేసేది బ్యాక్టీరియా. జల్లెడల్లో చెత్త ఆపి, ఇసుక దింపేశాక నీళ్లు ఏరేషన్ ట్యాంకులోకి వెళ్తాయి, అక్కడ అడుగు నుంచి బ్లోయర్లు గాలి కొడుతుంటే కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఆ మురుగునే తిని బతుకుతాయి. 1914 నుంచీ తెలిసిన పద్ధతే ఇది. మా కరెంటు బిల్లులో దాదాపు సగం ఈ గాలికే పోతుంది. రోజూ పొద్దున్నే ఆ ట్యాంకులోంచి లీటరు గాజు జాడీ నింపి అరగంట కదపకుండా పెడతాను. గోధుమరంగు బురద అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా నిలిస్తే ఆ రోజుకి టెన్షన్ లేదు. వాసన కూడా తడిమట్టి వాసనే! నల్లబడి కుళ్లిన గుడ్డు కంపు కొట్టిందంటే మాత్రం గాలి చాలడం లేదని అర్థం.

అపోహ: పారే నది తనంతట తానే శుభ్రపడుతుంది, ఇంత ఖర్చు దేనికి?

వాస్తవం: ఇందులో సగం నిజముంది, నదిలోనూ అలాంటి బ్యాక్టీరియానే ఉంటుంది. కానీ దానికీ ఆక్సిజన్ కావాలి కదా. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగేది 8 మిల్లీగ్రాముల పైచిలుకు మాత్రమే, చేపలు హాయిగా ఉండాలంటే అందులో 5 అయినా మిగలాలి. మరి లీటరు పచ్చి మురుగును అరిగించుకోవడానికి బ్యాక్టీరియా సుమారు 200 మిల్లీగ్రాములు లాగేస్తుంది (బీఓడీ, అంటే బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్, అనేది ఈ లెక్కే). చేపలకి వదలాల్సిన 5 పోగా లీటరు నది నీటిలో మిగిలేది మూడు పైచిలుకే, అంటే ఒక్క లీటరు మురుగు అరవై లీటర్ల నది నీటిలో ఆ మిగులంతా ఊడ్చేస్తుంది. పైనుంచి గాలి కలుస్తూనే ఉంటుంది గానీ అంత వేగంగా కాదు. ఆ తిండి కార్యక్రమమేదో నదిలో కాకుండా మా ట్యాంకులోనే ముగించేస్తాం, అంతే తేడా.

అపోహ: బయటికొచ్చే నీళ్లు తేటగా ఉంటే శుభ్రమైనట్టే.

వాస్తవం: అమ్మోనియా కంటికి కనబడదు, చేపలను మాత్రం చంపుతుంది. క్రిములు చావాలని వేసిన క్లోరిన్ మిగిలిపోయినా అంతే, అందుకే నదిలోకి వదిలే ముందు దాన్నీ తీసేయాలి. కొన్ని మందుల అవశేషాలు మామూలు ప్లాంట్‌ను దాటి వెళ్లిపోతాయి కూడా, అది ఒప్పుకోవాల్సిందే.

అపోహ: ఫ్లష్ చేస్తే చాలు, మిగతాది ప్లాంట్ చూసుకుంటుంది.

వాస్తవం: ఒక అర్ధరాత్రి పంపు ఆగిపోయి విప్పితే, లోపల వైప్స్ జడలా పెనవేసుకుని ఉన్నాయి, కత్తితో కోస్తే గానీ రాలేదు. ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నంత మాత్రాన అవి కాగితంలా విడిపోవు. వంటనూనె సంగతీ అంతే, పైపులో గడ్డకట్టుకుపోతుంది.

వీటన్నిటికంటే నాకు భయం వాననీళ్లు. డాబా మీది వాన పైపును మురుగు లైనుకి కలిపేసేవాళ్లు చాలామంది ఉంటారు. నీళ్లే కదా, ఏమవుతుందిలే అనుకుంటారు. గట్టి వాన పడితే ఆ వరద ట్యాంకుల మీదుగా ఉరికి, మేం పెంచుకున్న బ్యాక్టీరియానే నదిలోకి కొట్టుకుపోతుంది. అలా జరిగాక ఒక్కోసారి నా జాడీలో బురద మళ్లీ సరిగ్గా దిగడానికి వారాలు పడుతుంది.