ఎర్త్ ఒక్కటే ఎందుకు చాలదు?

చిరంజీవులైన పిల్లలకు,

మెయిన్ బోర్డులో ఎం.సి.బి.ల (కరెంటు హద్దు దాటితే తమంతట తామే ఆగిపోయే స్విచ్చుల) పక్కన 'టి' అనే అక్షరం రాసిన చిన్న బటన్‌తో ఇంకో స్విచ్చు ఎందుకని అడిగారు. ప్లగ్గులో మూడో పిన్ను ఎర్త్‌కు కలిసే ఉందిగదా, ఇది కూడా కావాలా అన్నారు. కావాలి. ఎందుకో రెండు మాటల్లో తేల్చే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఎం.సి.బి. సంగతి చెబుతాను. అది మనుషులను షాక్ నుంచి కాపాడుతుందని పెద్దవాళ్లలోనే చాలామంది నమ్ముతారు. అది పెట్టింది ప్రధానంగా తీగలు వేడెక్కి కాలిపోకుండా. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తన హద్దు దాటిన కరెంటు కొంతసేపు పారినా, షార్ట్ అయి దానికి ఎన్నో రెట్లు ఒక్కసారిగా పారినా ఆగిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి అంత కరెంటు అక్కర్లేదు. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర ఒళ్లు జివ్వుమంటుంది. 10 దాటేసరికి చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలాలన్నా వదలలేకపోవచ్చు. 30 దాటి కొంతసేపు పారితే ఊపిరి కష్టమవుతుంది, ఆపైన గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతూ పోతుంది. ఓమ్ సూత్రం మీకు తెలుసు, లెక్క మీరే వేయండి: 230 వోల్టులు, చేతి నుంచి పాదం దాకా ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు. వచ్చేది 230 మిల్లీ ఆంపియర్లు. ఎం.సి.బి.కి అది ఎవరో ఒక ఫ్యాను వేసినంత. కదలనైనా కదలదు.

ఇక ఎర్త్. గీజరు, వాషింగ్ మెషీను, ఫ్రిజ్ వంటి వాటి లోహపు ఒంటిని ఒక తీగతో భూమికి కలుపుతాం. లోపల ఫేజ్ తీగ, అంటే కరెంటును తెచ్చే తీగ, ఊడి ఆ లోహానికి తగిలితే కరెంటు ఆ తీగ వెంట పారాలని ఉద్దేశం. అయితే 'కరెంటు భూమిలోకి పోతుంది' అని చెప్పి ఊరుకుంటారు చూశారూ, అక్కడే అసలు విషయం జారిపోతుంది. కరెంటు భూమిలోకి పోయి మాయమైపోదు. అది తాను బయలుదేరిన ట్రాన్స్‌ఫార్మరుకే తిరిగి చేరాలి. ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్‌ను (మామూలుగా కరెంటు తిరిగి వెళ్లే తీగను) కూడా అక్కడ భూమికి కలిపి ఉంచుతారు కాబట్టి మట్టి గుండా ఆ దారి దొరుకుతుంది. దారి ఎంత సులువుగా ఉంటే అంత ఎక్కువ కరెంటు పారి ఎం.సి.బి. పడిపోతుంది.

మరి దారి సులువుగా లేకపోతే? పెరట్లో పాతిన ఎర్త్ కడ్డీ మీదే ఆధారపడిన ఇంటిని తీసుకోండి. ఆ మొత్తం దారి నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీన్ని మామూలు వాడకంగానే చూస్తుంది. గీజరు ఒంట్లో విద్యుత్తు అలాగే నిలిచి ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎర్త్ తీగ ఉంది, కడ్డీ ఉంది, కలిపినవాడు సరిగ్గానే కలిపాడు. అయినా రక్షణ లేదు! నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే.

మీరు అడిగిన స్విచ్చు పని ఇక్కడ మొదలవుతుంది. దాని పేరు ఆర్.సి.సి.బి. దాని లోపల ఒక ఇనుప వలయం ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆ వలయం గుండానే వెళతాయి. ఇంట్లోకి వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తుంటే రెండు తీగల అయస్కాంత ప్రభావాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు గీజరు ఒంటి నుంచో మనిషి ఒంటి నుంచో భూమిలోకి దారి మళ్లితే వచ్చేది తగ్గుతుంది. వలయంలో మిగిలిన ఆ తేడా, దానికి చుట్టిన మరో తీగలో చిన్న కరెంటును పుట్టిస్తుంది. ఆ కరెంటే మీటను వదులుతుంది. మనుషుల రక్షణకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా అంత ఉంటే 0.3 సెకను లోపల, దానికి ఐదు రెట్లు ఉంటే 0.04 సెకను లోపల సరఫరా ఆగాలి. ఇందాక ఎం.సి.బి. పట్టించుకోని 11.5 ఆంపియర్లు ఈ 30 మిల్లీ ఆంపియర్లకు కొన్ని వందల రెట్లు.

అలాగైతే ఎర్త్ తీసేయవచ్చా అంటారేమో. వద్దు. ఎర్త్ లేని ఇంట్లో ఫేజ్ లోహానికి తగిలినా కరెంటు పారడానికి దారి లేదు, తేడా లేదు, స్విచ్చు కదలదు. ఎవరైనా వచ్చి ముట్టుకున్నప్పుడు ఆ దారి వాళ్ల ఒళ్లే అవుతుంది. స్విచ్చు పడుతుంది, చాలాసార్లు ప్రాణం నిలుస్తుంది, కానీ షాక్ తగిలిన తరువాతే. ఎర్త్ ఉంటే లోపం పుట్టిన క్షణానే, ఎవరూ ముట్టుకోకముందే సరఫరా ఆగిపోతుంది.

ఎర్త్ లేనిచోట సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసే అలవాటు కొందరికి ఉంది. దీన్ని ఎవరు చేసినా ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, పరికరం గుండా వచ్చిన ఫేజ్ నేరుగా దాని లోహపు ఒంటి మీదికి చేరుతుంది. (రెండు పిన్నులతోనే వచ్చే కొన్ని పరికరాల మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది. వాటికి రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ అక్కర్లేదు.)

ఆర్.సి.సి.బి.కీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లినదంతా తిరిగి వస్తుంది, దానికి మనిషికీ బల్బుకూ తేడా తెలియదు. అది షాక్ బలాన్ని కూడా తగ్గించదు, తగిలే సమయాన్ని తగ్గిస్తుంది. ఓవర్‌లోడును అసలు చూడదు, అందుకే ఎం.సి.బి.లూ ఉండాల్సిందే.

అది మాటిమాటికీ పడిపోతోందని విసిగి, దాన్ని తప్పించి నేరుగా కలిపేయమనేవాళ్లు ఉంటారు. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. అన్ని ప్లగ్గులూ పీకి, స్విచ్చు వేసి, ఒక్కొక్క పరికరమే తిరిగి పెట్టి చూడమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. చాలాసార్లు దొరికేది తేమ చేరిన హీటరు కాయిలు. అన్నీ పీకినా పడుతుంటే గోడలోని తీగల్లోనో, ఒక సర్క్యూట్ న్యూట్రల్ ఇంకోదానితో కలవడంలోనో లోపం ఉండవచ్చు. దానికి ఎలక్ట్రీషియన్ రావాలి. బోర్డు మూత మాత్రం మీరు తీయకండి.

ఆ 'టి' బటన్ నొక్కితే లోపల ఒక రెసిస్టరు గుండా కావాలనే కొంచెం కరెంటు తేడా పుడుతుంది, స్విచ్చు పడాలి. ఏళ్ల తరబడి కదలని మీట బిగుసుకుపోవచ్చు కాబట్టి, తయారీదారు చెప్పిన గడువుకొకసారి పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని నొక్కండి. కంప్యూటర్ ముందే ఆపేయండి. అది పడినంత మాత్రాన ఎర్త్ బాగుందని కాదు, ఎర్త్‌ను వేరే మీటరుతో కొలిపించాలి. బటన్ నొక్కినా పడకపోతే ఆ రోజే కొత్తది పెట్టించమనండి, ఆ సంగతి నాకూ రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య