ఇడుపులపాయ: సమాధి పార్టీ వేదికైన రోజు

వైఎస్ కుటుంబంలో, ఆయన కొడుకు జగన్, కూతురు షర్మిల మధ్య ఆస్తుల తగాదా కంపెనీ లా ట్రిబ్యునల్‌కు ఎక్కిన నాటి నుంచి వైఎస్ సమాధి ఉన్న ఇడుపులపాయకు ఎవరు ముందు వచ్చారు, ఎవరు ఎవరితో వచ్చారు అన్నది కూడా పతాక వార్తే. జయంతి, వర్ధంతి దగ్గరపడితే చాలు, వైఎస్ రాజశేఖరరెడ్డి వారసత్వం ఎవరిదన్న పాత వాదన మళ్లీ మొదలవుతుంది.

వైఎస్ రాజకీయ జీవితం, 2009 సెప్టెంబరు 2న పావురాలగుట్టపై హెలికాప్టర్ కూలిన వైనం అందరికీ తెలిసినవే. ఈ వారసత్వ తగాదాకు సంబంధించి గమనించవలసింది ఆయనను ఖననం చేసిన స్థలాన్ని. తండ్రి రాజారెడ్డి సమాధి పులివెందులలో ఉంది. 2019లో హత్యకు గురైన తమ్ముడు వివేకానందరెడ్డిని కూడా అక్కడే ఖననం చేశారు. వైఎస్‌ను మాత్రం వేంపల్లె మండలం ఇడుపులపాయలో, సొంత ఎస్టేట్‌లో సమాధి చేశారు. అక్కడ తమ కుటుంబం అధీనంలో ఉన్న ఆరు వందల ఎకరాలకు పైగా ఎసైన్డ్ భూమిని తిరిగి ఇచ్చేస్తున్నట్లు 2006లో అసెంబ్లీలో ఆయనే ప్రకటించారు. ఇడుపులపాయకు ట్రిపుల్ ఐటీ తెచ్చిందీ ఆయనే. ఇంత చేసిన మనిషి సమాధి కుటుంబ ఆవరణలో ఉండిపోయింది. ప్రమాద స్థలానికి చేరువలో, ఆత్మకూరు వైపు నల్లకాలువ వద్ద ప్రభుత్వం స్మృతివనం నిర్మించింది. దాని మీద ఏ వారసుడికీ పేచీ లేదు.

అసలు మలుపు 2011 మార్చి 12. కాంగ్రెస్‌ను వీడిన జగన్ ఆ రోజు తండ్రి సమాధి దగ్గర కొత్త పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ జెండా ఆవిష్కరించారు. ముఖ్యమంత్రిగా, కాంగ్రెస్ నాయకుడిగా కన్నుమూసిన వ్యక్తి సమాధి ఆ రోజుతో మరో పార్టీ పుట్టినచోటు అయింది. ఈనాటి వివాదానికి వేరు అక్కడే ఉంది. 2017 నవంబరు 6న జగన్ పాదయాత్ర అక్కడి నుంచే బయలుదేరింది. 2019లో అభ్యర్థుల జాబితా వెలువడిందీ అక్కడే. 2024 మార్చి 16న సమాధి వద్ద నివాళి అర్పించాక 175 అసెంబ్లీ స్థానాల అభ్యర్థుల పేర్లూ చదివి వినిపించారు. అదే నెల 27న బస్సు యాత్ర కూడా అక్కడే మొదలైంది. ప్రార్థన, పూలమాల, ఆ వెంటనే పార్టీ కార్యక్రమం: ఈ వరుస ఇప్పుడు ఆనవాయితీ.

వైఎస్సార్ కాంగ్రెస్ వాదన సూటిగా ఉంటుంది. వైఎస్ పేరును సీబీఐ కేసులోకి లాగి, కొడుకును పదహారు నెలలు జైల్లో పెట్టించిన కాంగ్రెస్ పార్టీకి ఆయన పేరెత్తే అర్హత లేదంటుంది.

షర్మిల వాదనకు చరిత్ర బలం ఎక్కువ. అన్న జైల్లో ఉన్నప్పుడు, 2012 అక్టోబరు 18న ఇదే సమాధికి మొక్కి, ఆయన పార్టీ కోసం ఇచ్ఛాపురం దాకా నడిచింది ఆమే. 2024 జనవరిలో కాంగ్రెస్‌లో చేరాక, రాష్ట్ర అధ్యక్షురాలిగా బాధ్యతలు తీసుకునే ముందు రోజు కూడా అక్కడికే వచ్చారు. నాన్న బతికినంత కాలం కాంగ్రెస్ మనిషేనని, రాహుల్ గాంధీని ప్రధానిగా చూడాలని కోరుకున్నారని ఆమె చెబుతున్నారు. వైఎస్ రెండుసార్లు పీసీసీ అధ్యక్షుడిగా పనిచేసిందీ, 2004లో, 2009లో గెలిచిందీ హస్తం గుర్తు మీదేనన్న వాస్తవాన్ని ఎవరూ కాదనలేరు. మొదటి నుంచీ జెండా మోసి, 2011 తరువాత కూడా కాంగ్రెస్‌లోనే ఉండిపోయిన కడప జిల్లా కార్యకర్తలకు ఆ సమాధి మీద ఉన్న హక్కు గురించి మాత్రం ఇన్నేళ్ల రాజకీయంలో ఎవరూ పట్టించుకోలేదు.

2024 ఎన్నికల్లో కడప లోక్‌సభ స్థానంలో షర్మిల మూడో స్థానంలో నిలిచారు. రాష్ట్రంలో జగన్ పార్టీకి దక్కినవి 11 అసెంబ్లీ స్థానాలే. ఫలితాలు వచ్చిన నెల రోజులకు, జూలై 8న, 75వ జయంతి నాడు ఇద్దరూ ఇడుపులపాయకు విడివిడిగా వచ్చి నివాళులు అర్పించారు. కాంగ్రెస్ తన జయంతి సభను విజయవాడ సమీపంలో జరుపుకుంది.