ఇన్సులిన్‌పై ఆరోపణలు ఎక్కడ మొదలయ్యాయి?

ఇన్సులిన్ కొవ్వును పెంచే హార్మోన్ అనీ, దాన్ని ఎంత తగ్గించుకుంటే అంత మంచిదనీ చెప్పే వాదన మళ్లీ రాజుకుంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసిన ప్రయోగాల కథ అందరికీ తెలిసిందే. అయితే నేటి తగవుకు మూలం అక్కడ లేదు. అది న్యూయార్క్‌ బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో, 1950లలో మొదలైంది.

అప్పటికి రక్తంలో ఇన్సులిన్ ఎంత ఉందో నేరుగా కొలిచే మార్గం లేదు. ఎలుక కండరం ముక్క ఎంత గ్లూకోజును పీల్చుకుంటుందో చూసి అంచనా కట్టేవారు. భౌతికశాస్త్రవేత్త రోజలిన్ యాలో, వైద్యుడు సోలమన్ బెర్సన్ రేడియోధార్మిక అయోడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను మనుషులకు ఎక్కించి, అది రక్తంలో ఎంతసేపు నిలుస్తుందో గమనించారు. అంతకుముందు ఇన్సులిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో అది ఎక్కువసేపు నిలిచింది. శరీరం దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసిందని వారు తేల్చారు. అంత చిన్న ప్రోటీన్‌కు ప్రతిరక్షకాలు పుట్టవని అప్పటి నమ్మకం. పత్రిక సంపాదకులు ఒప్పుకోలేదు. శీర్షికలోంచి ‘ఇన్సులిన్ ప్రతిరక్షకం’ అన్న మాట తీసేశాకే 1956లో వ్యాసం అచ్చయింది. తిరస్కరణ లేఖను యాలో దాచిపెట్టి, 1977లో నోబెల్ ప్రసంగంలో చూపించారు. బెర్సన్ 1972లోనే మరణించడంతో ఆ బహుమతిలో ఆయనకు భాగం దక్కలేదు.

ఆ ప్రతిరక్షకాలనే వారు రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే కొలమానంగా మార్చారు. 1960లో వెలువడిన ఫలితం వైద్యలోకాన్ని నివ్వెరపరచింది. నడివయసులో మధుమేహం వచ్చినవారికి గ్లూకోజు తాగించి చూస్తే, ఆరోగ్యవంతుల కంటే ఎక్కువ ఇన్సులిన్ కనిపించింది. మధుమేహమంటే ఇన్సులిన్ కొరత అన్న సూత్రం ఇక నిలవలేదు. కొందరి శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదని లండన్ వైద్యుడు హిమ్స్‌వర్త్ 1936లోనే చెప్పాడు. దానికి ఇప్పుడు అంకెల బలం చేరింది.

ఇన్సులిన్‌పై అనుమానం ఇక్కడే పుట్టింది. అది ఎక్కువగా ఉంది కాబట్టి దోషం దానిదేనని ఒక వర్గం భావించింది. ఇన్సులిన్ కొవ్వు కణాల్లో నిల్వను ప్రోత్సహిస్తుందన్నది నిజమే కనుక, స్థూలకాయానికీ అదే కారణమని ఆ వర్గం వాదన. ఈ వాదన చేసేవారు సాధారణంగా 1967 దాకా రారు. ఆ ఏడు బాగ్‌డేడ్, బియర్‌మన్, పోర్ట్ బరువును లెక్కలోకి తీసుకుని మళ్లీ చూశారు. పరగడుపున ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం స్థూలకాయంతో ముడిపడిన విషయమనీ, ఆ స్థాయితో పోలిస్తే మధుమేహుల్లో గ్లూకోజుకు వచ్చే స్పందన నిజానికి తక్కువేననీ తేలింది. శరీరం మొండికేస్తుంటే క్లోమం ఎక్కువ స్రవించి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు చాలనప్పుడు చక్కెర పెరుగుతుంది. ఎక్కువ ఇన్సులిన్‌ను నేరస్థుడిగా చూసేవారు ఈ సగాన్ని వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇన్సులిన్ చేసే పనిని కూడా సగమే చెబుతున్నారు. కండరాల్లోకి గ్లూకోజును పంపడం ఒక్కటే దాని పని కాదు. మెదడు, ఎర్ర రక్తకణాలు అది లేకపోయినా గ్లూకోజును తీసుకోగలవు. దాని అసలు ప్రాణాధారమైన పని కళ్లెం వేయడం. కాలేయం అదుపు లేకుండా గ్లూకోజును విడుదల చేయకుండా, కొవ్వు అతిగా కరగకుండా, కండరాల ప్రోటీన్ తరిగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. కొవ్వు కరగడాన్ని ఆపడానికి చాలా కొద్ది ఇన్సులిన్ చాలు. ఆ కొద్దిపాటి కూడా లేకపోతే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లనే ఆమ్ల పదార్థాలను కుప్పలుగా తయారుచేస్తుంది, రక్తం ఆమ్లమవుతుంది, మనిషి ప్రాణం పోతుంది.

ఇటీవలి ప్రయోగాలూ ఆరోపణను బలపరచలేదు. 2015లో కెవిన్ హాల్ బృందం 19 మంది స్థూలకాయులను పరిశోధన కేంద్రంలోనే ఉంచి చూసింది. పిండిపదార్థాలు తగ్గిస్తే ఇన్సులిన్ తగ్గింది. శరీరంలోని కొవ్వు మాత్రం, ఆహారంలో కొవ్వు తగ్గించినప్పుడే ఎక్కువ కరిగింది. 2018లో 609 మందిని ఏడాదిపాటు పరిశీలించిన గార్డ్‌నర్ బృందానికి కొవ్వు తగ్గించిన ఆహారానికీ, పిండిపదార్థాలు తగ్గించిన ఆహారానికీ మధ్య బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎవరి శరీరం ఎంత ఇన్సులిన్ స్రవిస్తుందన్నదాన్ని బట్టి ఫలితమూ మారలేదు. హాల్ తరహా ప్రయోగాలు మరీ కొద్ది రోజులవని, స్థూలకాయానికి ఇన్సులినే కారణమన్న వాదనను సమర్థించే పరిశోధకుడు డేవిడ్ లుడ్విగ్ అభ్యంతరం చెబుతారు.

పిండిపదార్థాలు తగ్గిస్తే రెండో రకం మధుమేహంలో చక్కెర తగ్గుతుందనీ, కొందరికి మందుల మోతాదు తగ్గించవచ్చనీ ఇరువర్గాలూ ఒప్పుకుంటాయి. ఆ తగ్గింపు వైద్యుడి పర్యవేక్షణలో జరగాలి. ఇన్సులిన్ చెడ్డదన్న మాట, శరీరం ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయని మొదటి రకం మధుమేహం ఉన్నవారి చెవిన పడినప్పుడే అసలు ప్రమాదం. వారు భోజనం పూర్తిగా మానేసినా, ఏ పిండిపదార్థమూ ముట్టకపోయినా ఇన్సులిన్ తీసుకోవలసిందే. ఉపవాసంలో కూడా కాలేయం గ్లూకోజును తయారుచేస్తూనే ఉంటుంది, కొవ్వు కరుగుతూనే ఉంటుంది. వారిలో ఆ రెండింటినీ అదుపులో ఉంచేది ఆ ఇంజెక్షన్ ఒక్కటే.