బుడమేరు ఆక్రమణల లెక్క 2005 నుంచి తియ్యాలి

విజయవాడ మీదుగా పారే బుడమేరు అనే ఏటి గట్ల వెంట ఆక్రమణలు గుర్తిస్తామన్న మాట మళ్ళీ మొదలైంది. ఆ మాట వినపడ్డప్పుడల్లా సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట జనానికి నిద్ర పట్టదు. ఏరు పొంగి ఆ పేటలు మునిగిన 2024 సెప్టెంబరు 1ని ఎవరూ మరిచిపోలేదు కాబట్టి ఆ వివరాలు మళ్ళీ చెప్పనక్కర్లేదు. అయితే ఇప్పటి తగువుకు మూలం ఆ ఆదివారం తెల్లవారుజామున లేదు. అంతకు 19 ఏళ్ళ ముందు, 2005 సెప్టెంబరులో ఉంది.

ముందు నీటి దారి చూడాలి. మైలవరం వైపు కొండల నుంచి దిగే బుడమేరుకు వెలగలేరు దగ్గర హెడ్ రెగ్యులేటర్, అంటే నీటిని మళ్ళించే గేట్ల కట్టడం ఉంది. గేట్లు మూసి ఉంటే వరద డైవర్షన్ కాలువలోకి మళ్ళి, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. గేట్లు ఎత్తితే పాత దారిలో ఊరి మీదుగా కొల్లేరుకు పోతుంది. ఈ ఏర్పాటులో పెద్ద చిక్కు ఒకటుంది. కాలువ నీళ్ళు దిగాలంటే కృష్ణ మట్టం తక్కువగా ఉండాలి. నదికి, ఏరుకు ఒకేసారి వరదొస్తే కాలువ ఎగదన్నుతుంది.

2005లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఊరి పెద్దల ముందు రెండు దారులున్నాయి. పాత ఏటి దారి ఊరి వరదకు కావాలని ఒప్పుకొని దాన్ని ఖాళీగా ఉంచడం ఒకటి. డైవర్షన్ కాలువనే నమ్ముకొని ఊరిని అటు పెరగనివ్వడం రెండోది. అదే ఏడాది డిసెంబరులో కేంద్రం నగరాల బాగుకు జెఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం మొదలుపెట్టింది, విజయవాడకు అందులో చోటు దొరికింది. ఆ డబ్బుతో పేదలకు కట్టిన ఇళ్ళలో పెద్ద వాటా బుడమేరు వైపున్న జక్కంపూడి పక్కకే వెళ్ళింది. అక్కడ భూమి చౌక, పల్లం కాబట్టే చౌక. అంతకు ముందే పేదల ఇళ్ళ వాంబే కాలనీ ఆ దిక్కునే వెలిసింది. దరిమిలా రోడ్లు, కరెంటు, కుళాయిలు వచ్చాయి, ఇంటిపన్ను వసూలైంది. కృష్ణ వైపు కథ వేరు. నది ఒడ్డునున్న కృష్ణలంకకు రిటైనింగ్ వాల్ (వరదను ఆపే గోడ) దక్కింది, 2024లో నది అంత ఎత్తున వచ్చినా ఆ గోడ నిలిచింది. బుడమేరు వైపుకు గోడా రాలేదు, ఖాళీ జాగా కూడా మిగల్లేదు.

2015లో పట్టిసీమ పథకం పంపులతో ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి ఇదే డైవర్షన్ కాలువ గుండా కృష్ణను చేరాయి. రైతుకు మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కానీ వరదను తప్పించడానికి తవ్విన కాలువ నీరు మోసే కాలువ కూడా అయింది. పంపులు నడిచేదీ వానాకాలంలోనే, ఏరు పొంగేదీ వానాకాలంలోనే. ఎగువన మబ్బు పట్టగానే పంపులు ఆపి, కాలువను ముందే ఖాళీ చేసే కచ్చితమైన పద్ధతి లేకపోతే రెండు పనుల్లో ఒకటి దెబ్బతింటుంది. కాలువను వెడల్పు చేసే పనులు ప్రభుత్వాలు మారుతూ ఆగుతూ సాగాయి. ఎవరి హయాంలో ఆగాయన్న వాదులాట తెగలేదు.

2024లో కాలువ పట్టగలిగింది సుమారు 15,000 క్యూసెక్కులు. వచ్చింది 35,000 స్థాయిలో. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు దాటింది. అక్కడ రెండో ప్రమాద హెచ్చరికే 5.69 లక్షల దగ్గర ఇస్తారు. కాలువలో నీళ్ళు దిగే చోటు లేక ఎడమ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. మట్టికట్ట మీదుగా నీళ్ళు పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది, తర్వాత కట్ట నిలవదు. ఇనుప జాలీ బుట్టల్లో రాళ్ళు నింపి సైన్యం సాయంతో చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7. కాలువ సత్తాకు మించి 20,000 క్యూసెక్కులు 12 గంటలు వస్తే 0.86 టీఎంసీ. ఆరడుగుల లోతున పరిస్తే 13 చదరపు కిలోమీటర్లు.

ఆ వరదలో వెలగలేరు గేట్లు ఎత్తకపోతే రెగ్యులేటరే కొట్టుకుపోయేదని ఇంజనీర్లు అంటారు. కావచ్చు. ముంపు జనం అడిగేది వేరే ప్రశ్న. గేట్లు ఎత్తాల్సి వస్తుందని తెలిసినప్పుడు వీధుల్లో మైకు ఎందుకు తిరగలేదు? కింది అంతస్తులో ముసలివాళ్ళను, బాలింతలను పైకి చేర్చడానికి రెండు గంటల ముందు తెలిస్తే చాలు. ఫ్రిజ్జు, బండి, పిల్లల సర్టిఫికెట్లు దక్కేవి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా, ఏట్లో ఇళ్ళు కట్టారంటూ తప్పంతా వాళ్ళ నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

సర్వేలో తేల్చాల్సిన హద్దులు కూడా రెండు. ఎఫ్‌ఎంబీలో (రెవెన్యూ వాళ్ళ భూమి కొలతల పుస్తకంలో) ఉన్న ఏటి పోరంబోకు హద్దు ఒకటి, వరద పరుచుకునే హద్దు ఒకటి. మునిగిన ఇళ్ళన్నీ పోరంబోకులో లేవు. పట్టా భూమిలో, అనుమతితో కట్టుకున్నవాళ్ళు ఎన్నోమంది. వాళ్ళను ఆక్రమణదారుల జాబితాలో కలపకూడదు. గోడల మీద 2024 నీటి మరకలు చెరిగేలోగా వాటి ఎత్తు కొలిచి, వాటిని కలిపి గీస్తే నిజమైన వరద హద్దు వస్తుంది. ఏటి గర్భంలోని ఇళ్ళకు ముందు బదులు చోటు చూపి తర్వాత తీయాలి. లోతు ఎక్కువున్న చోట కొత్త ప్లాన్లు ఆపాలి. తక్కువున్న చోట పునాది ఎత్తు తప్పనిసరి చెయ్యాలి. వాననీటి డ్రైన్లకు ఏటిలో కలిసే చోట ఒకవైపే తెరుచుకునే తలుపులు, పక్కన డీజిలు పంపులు ఉండాలి. లేకపోతే ఏరు నిండగానే నీళ్ళు అదే డ్రైన్ల గుండా వీధుల్లోకి ఎదురొస్తాయి.

దిగువన ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువ కింద అండర్ టన్నెల్ గుండా దూరి పోతుంది. ఆ తూములు ఎంత నీరు పంపగలవో అంతకు మించి పైన ఎంత వెడల్పు చేసినా లాభం లేదు. ఆ తర్వాత కొల్లేరు. అక్కడి నుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇంటి గోడల మీద మార్కింగు వేసే బృందాలు మొదటి టేపు పట్టాల్సింది ఎనికేపాడు తూముల దగ్గర.