పాత ల్యాండ్ స్పీడ్ కారు కొనాలన్నా అమ్మాలన్నా: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలోనో ఎల్ మిరాజ్ ఎండు చెరువులోనో తిన్నగా అత్యధిక వేగం అందుకోవడానికి పరుగెత్తిన ల్యాండ్ స్పీడ్ కారు చేతులు మారేటప్పుడు బేరమంతా ఇంజిన్ చుట్టూనే తిరుగుతుంది. కానీ ముందు చూడాల్సింది కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే రక్షణ ట్యూబుల చట్రం), చాసిస్ (కారు అడుగు చట్రం), కాగితాలు. ఇంజిన్ పాడైతే దించి ఇంకొకటి ఎక్కించుకోవచ్చు. కేజ్ ట్యూబును లోపల్నుంచి తుప్పు తినేస్తే కారు మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

అపోహ: "ప్రతి పోటీ మీట్ తర్వాతా బాగా కడిగాం. ఉప్పు ఆనవాలు కూడా లేదు."

వాస్తవం: పైన కనిపించే ఉప్పు పోయి ఉంటుంది. అతుకుల మధ్య, రివెట్ల కింద, మూతలేని ట్యూబుల లోపల చేరింది అంత తేలిగ్గా పోదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి షెడ్డులో కదలకుండా ఉన్న కారు కూడా తుప్పు పడుతూనే ఉంటుంది. ఆరేళ్లుగా బయటికి తీయని కారు ఏటా పరుగెత్తే కారు కంటే అధ్వానంగా ఉండటానికి కారణం ఇదే.

చూడాల్సిన తీరు ఇది. బెల్లీ పాన్ (కారు అడుగున బిగించే రేకు) విప్పించండి. విప్పనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి. చాసిస్ కింది పొడవాటి దూలాలను (రైల్స్) చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తే పలచబడ్డ చోట శబ్దం మారుతుంది. అనుమానం వచ్చిన చోట పెయింటు గీకి అల్ట్రాసోనిక్ గేజ్‌తో గోడ మందం కొలవండి. ఈ కేజ్‌లలో ఎక్కువగా వాడే ట్యూబు గోడ 0.120 అంగుళాలు, అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు. నీరు కిందికి దిగుతుంది కాబట్టి ఒకే ట్యూబులో పైభాగం, కిందిభాగం రెండూ కొలిచి పోల్చాలి. వంపు బయటి వైపు ట్యూబు వంచినప్పుడే పలచబడుతుంది. అక్కడి కొలత చూసి కంగారు పడకండి, తిన్నగా ఉన్న భాగాన్నే లెక్కలోకి తీసుకోండి. ట్యూబులో రంధ్రం ఉంటే బోర్‌స్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) పెట్టి లోపల కూడా చూడండి.

అల్యూమినియం, స్టీలు ఒకదానికొకటి తగిలే చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. మెగ్నీషియం హౌసింగ్ ఉంటే ఇంకా జాగ్రత్త, ఉప్పు దాన్ని అన్నిటికంటే వేగంగా తింటుంది. వైరింగ్‌లో ఒక కనెక్టర్ దగ్గర తొడుగు రెండు అంగుళాలు ఒలిచి చూడండి. రాగి ఆకుపచ్చగా మారి ఉంటే ఆ హార్నెస్ (తీగల కట్ట) మొత్తం మార్చాల్సిందే. తొడుగు లోపల తేమ తీగ వెంబడే పాకుతుంది, కొస కత్తిరించి సరిపెట్టుకోవడం కుదరదు.

అపోహ: "ఇది గంటకు 230 మైళ్ల కారు."

వాస్తవం: ఏ 230? టైమ్ స్లిప్ (పరుగు వేగాలు రాసిచ్చే చీటీ) మీద ఒక్కో మైలుకు సగటు వేగం వేరు, మైలు చివర ఎగ్జిట్ స్పీడ్ వేరు. అమ్మేవాళ్లు చెప్పేది ఎక్కువగా ఎగ్జిట్ స్పీడే. రికార్డు మాత్రం సగటు మీదే లెక్క. బోనవిల్‌లో మొదట రికార్డును మించి క్వాలిఫై కావాలి, కారు ఇంపౌండ్‌కు (నిర్వాహకుల నిఘాలో ఉంచే చోటికి) వెళ్లాలి, అక్కడ నాలుగు గంటలు పని చేసుకోవచ్చు, మర్నాడు పొద్దున్నే రెండో పరుగు తీయాలి. ఆ రెండు పరుగుల సగటే రికార్డు. ఎల్ మిరాజ్‌లో ట్రాక్ 1.3 మైళ్లే, ఒక్క పరుగుతోనే రికార్డు తేలిపోతుంది. అక్కడి వేగాన్ని, బోనవిల్ వేగాన్ని ఒకే గాటన కట్టకూడదు. ఒరిజినల్ స్లిప్పులన్నీ అడిగి తీసుకోండి. ప్రతి స్లిప్ వెనక ఆ రోజు వాడిన గేరు, టైరు, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) రాసి ఉంటే ఆ కాగితాలకు ఇంజిన్ కంటే ఎక్కువ విలువ ఇవ్వొచ్చు.

ఆ అంకెల్ని మీరే సరిచూసుకోవచ్చు. ఆర్‌పీఎంను అంగుళాల్లో టైరు వ్యాసంతో గుణించి, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తిని (చక్రం ఒక చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 336తో గుణించగా వచ్చినదానితో భాగించండి. టాప్ గేరు ఒకటికి ఒకటి అయితే గంటకు మైళ్లు వస్తాయి. 28 అంగుళాల టైరు, 2.73 ఫైనల్ డ్రైవ్ గేరు, 7,500 ఆర్‌పీఎం అనుకుంటే 229 మైళ్లు. కానీ ఉప్పు మీద చక్రం జారుతుంది. 7 శాతం జారుడు తీసేస్తే 213. ఈ గేరుతో, ఈ ఆర్‌పీఎంతోనే 230 వెళ్లామని ఎవరైనా చెబితే అందులో ఏదో ఒక అంకె తప్పు.

అపోహ: "ఇంకో వంద హార్స్‌పవర్ పెడితే ఇంకో యాభై మైళ్లు వస్తాయి."

వాస్తవం: గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 200 నుంచి 250కి వెళ్లాలంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. దానికి తోడు బోనవిల్ సముద్రమట్టానికి 4,200 అడుగుల ఎత్తులో ఉంది, ఆగస్టు ఎండలో గాలి ఇంకా పలచబడుతుంది. టర్బో, సూపర్‌చార్జర్ లేని ఇంజిన్ డైనో షీటు (ఇంజిన్ శక్తి కొలిచిన కాగితం) మీద చూపించిన శక్తి అక్కడ రాదు. బరువు గురించి కూడా ఒక మాట: చాసిస్‌లో సీసపు దిమ్మెలు కనిపిస్తే లోపమనుకోకండి. పట్టు కోసం కావాలనే పెడతారు. అవి గట్టిగా బోల్టులతో బిగించి ఉన్నాయా లేదా అన్నదే చూడాలి.

అపోహ: "రికార్డు కారుతో పాటే వస్తుంది. లాగ్‌బుక్ ఉంది కాబట్టి ఇన్‌స్పెక్షన్ పాసైనట్టే."

వాస్తవం: రెండూ కాదు. రికార్డు ఆ తరగతిలో ఆ ఎంట్రీ (పోటీకి నమోదైన జట్టు) పేరు మీద, ఆ డ్రైవర్ పేరు మీద ఉంటుంది. అమ్మకంతో అది మీ పేరుకు మారదు. 200 మైళ్ల క్లబ్ (ఆ వేగం దాటి రికార్డు కొట్టినవాళ్లది) సభ్యత్వం కూడా అంతే, అది డ్రైవర్ సంపాదించుకున్నది. ఇక ఈ పోటీలు నడిపే సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ రూల్‌బుక్ ఏటా కొత్తది వస్తుంది, కారును చూసేది ఆ ఏటి పుస్తకం ప్రకారమే. పదిహేనేళ్ల కిందట కట్టిన కేజ్ అప్పటికి సరైనదే కావచ్చు, ఇప్పటికీ సరిపోతుందని హామీ లేదు. కొనే ముందు తాజా పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో సెక్షన్ చొప్పున కారుతో పోల్చండి. లాగ్‌బుక్‌లో ఇన్‌స్పెక్టర్లు రాసిన నోట్లు చదవండి, వచ్చే ఏటికి సరిచేయమని చెప్పినవి నిజంగా చేశారో లేదో చూడండి.

తరగతిని ఇంజిన్ సిలిండర్ల ఘనపరిమాణాన్ని బట్టి కూడా లెక్కిస్తారు, అక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. 302 క్యూబిక్ అంగుళాల ఫోర్డ్ ఇంజిన్‌ను 0.030 అంగుళాలు రీబోర్ చేస్తే, అంటే సిలిండర్ల వ్యాసం అంత పెంచితే, 306 క్యూబిక్ అంగుళాలు దాటుతుంది. డీ తరగతి 305.99తో ఆగుతుంది. అంటే రీబోర్ చేసిన కారు సీ తరగతిలోకి పోయి 372.99 దాకా ఉన్న ఇంజిన్లతో తలపడాలి. బోర్ (సిలిండర్ వ్యాసం), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కొలతలు కాగితం మీద రాయించుకోండి.

అపోహ: "పారాచూట్, బెల్టులు, ఫైర్ బాటిల్, టైర్లు అన్నీ ఉన్నాయి, రేపే పరుగెత్తొచ్చు."

వాస్తవం: వీటిలో చాలావాటికి గడువు ఉంటుంది. బెల్టుల మీద తేదీ, హెల్మెట్ లోపల స్నెల్ (భద్రతా ప్రమాణం) స్టిక్కర్, ఫైర్ బాటిల్ (మంటలార్పే సిలిండర్) సర్వీస్ ట్యాగ్ చూడండి. గడువు దాటినవాటికి ధర కట్టకండి. ఫైర్ నాజిళ్లు ఉప్పుతో పూడుకుపోయి ఉండొచ్చు. పారాచూట్‌ను మీ ఎదుటే లాగించి నేలమీద పరిచి చూడండి. నైలాన్ ఎండకు బలహీనపడుతుంది, మడతల్లో చిక్కిన ఉప్పు పలుకులు దారాలను కోస్తాయి, రిలీజ్ కేబుల్ తుప్పుతో బిగుసుకుపోతుంది. టైర్ల దగ్గర రాజీ పడొద్దు. 250 మైళ్ల వేగంలో 28 అంగుళాల టైరు అంచున ప్రతి గ్రామూ తన బరువుకు 3,500 రెట్లకు పైగా బలంతో బయటికి లాగుతుంది. పాతబడి గట్టిపడ్డ రబ్బరు చూడ్డానికి బాగున్నా తీసి పక్కన పెట్టేయండి.

అపోహ: "కొన్నాక మొదటి పరుగులోనే పూర్తి వేగం."

వాస్తవం: లైసెన్సు మెట్టు మెట్టుగా వస్తుంది: 150, 175, 200, 250, 300 మైళ్లు. కారు ఎంత వేగం వెళ్లగలిగినా డ్రైవర్ ఆ మెట్లు ఎక్కాల్సిందే. అంతకంటే ముందు కారులో పట్టాలి కదా. స్ట్రీమ్‌లైనర్ (చక్రాలు కూడా బాడీలో దాగిన పొడవాటి కారు) కాక్‌పిట్ ఒకే మనిషి కొలతలకు కడతారు. సూటు, హెల్మెట్, తల కదలకుండా పట్టే పరికరం అన్నీ వేసుకుని కూర్చోండి. చేతికట్లు (చేతులు బయటికి పోకుండా ఆపే పట్టీలు) పెట్టుకుని స్విచ్చులు అందుతున్నాయా, ఎవరి సాయం లేకుండా బయటికి రాగలుగుతున్నారా చూడండి. భుజాలు కేజ్‌కు తగిలితే సీటు మార్చితే పోతుందేమో, కేజ్ మార్చాల్సి వస్తే మాత్రం ఆ కారు మీకోసం కట్టింది కాదు.

అపోహ: "ఖర్చు పెట్టినంతా తిరిగి రావాలి."

వాస్తవం: రాదు. ఈ కార్లు కొనేవాళ్లు బహు కొద్దిమంది. 2018లో బ్రిటన్‌కు చెందిన ల్యాండ్ స్పీడ్ రికార్డు కారు ప్రాజెక్టు బ్లడ్‌హౌండ్ దివాలా అంచుకు చేరినప్పుడు వ్యాపారవేత్త ఇయాన్ వార్‌హర్స్ట్ ఆ కారును కొన్నారు. 2019లో అది దక్షిణాఫ్రికాలోని హాక్స్‌కీన్ పాన్‌లో 628 మైళ్ల వేగం అందుకుంది. అయినా 2021 జనవరిలో మళ్లీ అమ్మకానికి వచ్చింది. నడపడానికి అయ్యే ఖర్చు ముందు కారు ధర చిన్నది, కొనేవాళ్లు లెక్క వేసేదీ ఆ నడిపే ఖర్చునే.

అమ్మేవాళ్లు ఇంజిన్, గేర్‌బాక్స్ వేరుగా, మిగిలిన రోలర్ (అవి తీసేసిన కారు) వేరుగా ధర చెబితే త్వరగా పోతుంది. ఇంజిన్‌కు వేరే మోటార్‌స్పోర్ట్‌లోనూ గిరాకీ ఉంటుంది, చాసిస్‌కు ఉండదు. రేసు కోసమే కట్టిన కారుకు మామూలుగా టైటిల్ (యాజమాన్య పత్రం) ఉండదు. చాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు, చేర్చిన స్పేర్ల జాబితాతో బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం) రాయండి. ప్రొడక్షన్ కారు బాడీ మీద కట్టినదైతే టైటిల్ ఉందో లేదో ముందే తేల్చండి. ట్రైలర్‌కు విడిగా కాగితాలు కావాలి. పాడైన చోట్ల ఫొటోలు మీరే ముందు పెట్టండి. ఆ తర్వాత గేరు చార్టు, జెట్టింగ్ (ఇంధనం సర్దుబాటు) నోట్లు, పారాచూట్ మడిచే క్రమం రాసి ఇవ్వండి. కారు అప్పగించేటప్పుడు కొనేవాళ్ల చేత ఒకసారి మడిపించి, లాగించి చూపించండి.