ప్యాకెట్ పెరుగులో ఉండేది కెమికల్ కాదు, చేమిరి

27 ఏళ్లుగా డెయిరీలకు, ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలకు కల్చర్లు (అంటే పెరుగు తోడు పొడి), స్టెబిలైజర్లు (ఐస్‌క్రీమ్‌లో కలిపే జిగురు లాంటివి) అమ్ముతున్నాను. అంతకుముందు వాటిని తయారుచేసే ల్యాబ్‌లో పనిచేశాను. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా పంక్తిలో ఎవరో ఒకరు అడుగుతారు: "పెరుగులో ఏం కలుపుతారన్నా?"

అపోహ: ప్యాకెట్ పెరుగు గట్టిగా ఉండేది కెమికల్ పౌడర్ వల్లే.

డెయిరీకి నేనిచ్చే సాచెట్‌లో ఉండేది తోడే. మా అవ్వ దాన్ని చేమిరి అనేది. పెరుగు చేసే బ్యాక్టీరియాలో మంచి రకాలను ఏరి పెంచి, గడ్డకట్టించి, తేమ తీసి పొడి చేస్తారు. ఇక గట్టిదనం చాలావరకు వేడి వల్ల వస్తుంది. పాలను 90 డిగ్రీల వేడిలో 5 నిమిషాలు ఉంచితే, మామూలుగా విరుగుడు తేటలో పోయే ప్రోటీన్లు కూడా పాలలోని ముఖ్యమైన ప్రోటీన్ కేసిన్‌కు అతుక్కుని నీటిని పట్టి ఉంచుతాయి. ఇంట్లో బాగా మరగకాచిన పాలు గట్టిగా తోడుకునేది కూడా ఇందుకే. కొన్ని డెయిరీలు పాలపొడి కూడా కలుపుతాయి. అదీ పాలే.

అపోహ: లేబుల్ మీద నంబర్లుంటే విషం.

412 అంటే గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన జిగురు. 407 సముద్రపు నాచు నుంచి వస్తుంది. ఐస్‌క్రీమ్‌లో ఇలాంటివి సాధారణంగా అర శాతం కూడా ఉండవు. కరెంటు పోయి కొంచెం కరిగి మళ్లీ గడ్డకట్టినప్పుడు నాలుకకు ఇసుకలా తగిలే మంచు పలుకులు పెరగకుండా చూడటమే వాటి పని. లేబుల్ చదివే అలవాటు మంచిదే, కానీ ముందు చూడాల్సిన మాట 'ఫ్రోజెన్ డెసర్ట్'. మామూలు ఐస్‌క్రీమ్‌లో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. ఫ్రోజెన్ డెసర్ట్‌లో దాని బదులు వంటనూనెల కొవ్వు వాడవచ్చు. ఈ తేడా తెలియకుండా పిల్లలకు కొనిస్తున్నారనే నా బాధ.

అపోహ: మీగడ కట్టలేదంటే వెన్న తీసేశారు.

కొన్ని పాలను హోమోజనైజ్ చేస్తారు. కొవ్వు బొట్లు మరీ చిన్నవైపోయి పైకి తేలవు. అంతే. ఎంత కొవ్వుందో తెలియాలంటే ప్యాకెట్ మీద చూడండి: టోన్డ్‌లో 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం.

అపోహ: పెరుగు తోడుకోలేదంటే కల్చర్ నాసిరకం.

దీని వల్ల నేను పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. ఒక ఎండాకాలం ధర్మవరం దగ్గర చిన్న డెయిరీ నుంచి రాత్రి రెండింటికి ఫోన్. 500 లీటర్ల పాలకు తోడు వేసి ఎనిమిది గంటలైనా ఇంకా పాలలాగే ఉన్నాయి. తెల్లారేసరికి అక్కడున్నాను. అదే డబ్బాలోని సాచెట్‌ను వేరే పాలలో వేస్తే మధ్యాహ్నానికి చక్కగా తోడుకుంది. తొట్టిలోని పాలను స్ట్రిప్‌తో పరీక్షిస్తే యాంటీబయాటిక్ తేలింది. ఒక రైతు ఆవుకు పొదుగువాపు వచ్చింది, ఇంజెక్షన్ వేయించి ఆ పూట పాలనే కేంద్రానికి పోశాడు. పెరుగు బ్యాక్టీరియాకు పెన్సిలిన్ కొంచెం తగిలినా చాలు, పని ఆగిపోతుంది. కాచినా ఆ మందు పూర్తిగా పోదు. ఆ పాలు తాగే మనకూ అది మంచిది కాదు.

అన్నిసార్లూ రైతునే అనలేను. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాల్సిన కల్చర్‌ను మే నెలలో బస్సు పార్సిల్‌లో పంపి, ఐసు కరిగిపోయి, కడపలో ఒకరి సరుకు మొత్తం పాడుచేసింది నేనే. ఆ నష్టం కట్టుకున్నాను.

కానీ ధర్మవరం రైతు మీద నాకు కోపం రాలేదు. వానల్లేని ఏడాది ఆ ఆవు పాలే ఇంటి ఖర్చు. మందు ప్రభావం పోయేదాకా పాలు పోయొద్దంటే అన్ని రోజులు చేతికి డబ్బు రాదు. ఆ డెయిరీ యజమానితో ఈ మాటే చెప్పాను. ఇప్పుడు వాళ్లు, ఇంజెక్షన్ వేయించామని ముందే చెప్పిన రైతుకు ఆ పాలకు సగం ధర ఇచ్చి, వాటిని వేరే క్యానులో తీసుకుని పారబోస్తున్నారు.