ఆసుపత్రి ప్యానెల్ రూమ్: ఆర్క్ ఫ్లాష్ మీద అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రుల్లో ఎలక్ట్రికల్ సేఫ్టీ తనిఖీకి వెళ్లినప్పుడల్లా వినిపించే మాటలివి. అనేది కొత్తగా చేరినవాళ్లు కాదు, ఏళ్లుగా ప్యానెళ్ల మధ్యే పనిచేస్తున్నవాళ్లు.

అపోహ: "ముట్టుకోకపోతే ఏమీ కాదు."

షాక్ విషయంలో ఇది చాలావరకు నిజమే. ఆర్క్ ఫ్లాష్ అంటే కరెంటు గాలిలోంచి దూకి, ఒక్కసారిగా మంటలా పేలడం. దానికి మనం ముట్టుకోనక్కర్లేదు. చేతిలోని స్పానర్ జారి బస్‌బార్ల (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీల) మధ్య పడితే చాలు, గాలే కరెంటుకు దారి ఇస్తుంది. అక్కడి వేడి 19,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు. రాగి ఆవిరై ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, కరిగిన లోహం ఎదుటివాడి మీదికి చిమ్ముతుంది. చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 1.2 కేలరీల వేడి పడితే చాలు, బొబ్బలెక్కేంతగా కాలుతుంది.

అపోహ: "జనరేటర్ మీదే కదా నడుస్తోంది, అంత ప్రమాదం ఉండదు."

నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించేది ఈ మాటే. జనరేటర్ ఇచ్చే ఫాల్ట్ కరెంటు (షార్ట్ అయినప్పుడు పారే కరెంటు) సాధారణంగా మెయిన్ సప్లై కన్నా తక్కువే. కానీ కరెంటు తగ్గితే బ్రేకర్ ట్రిప్ అవడమూ ఆలస్యమవుతుంది. అదే కరెంటుతో 0.05 సెకను మండాల్సిన ఆర్క్ 1 సెకను మండితే వేడి 20 రెట్లు. అంటే కరెంటు సగానికి పడిపోయినా మనిషికి తగిలే వేడి పెరగొచ్చు. అందుకే సప్లై మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి లెక్క కట్టి, ఎక్కువ వచ్చిన అంకెనే ప్యానెల్‌కు అంటించే హెచ్చరిక లేబుల్ మీద వేయాలి.

దీనికి తోడు, ఒక వార్డులో ఫాల్ట్ వస్తే ఐసీయూ అంతా చీకటి కాకూడదని, వాటన్నిటికీ కరెంటు పంపే పై బ్రేకర్‌కు కావాలనే ఆలస్యం పెడతారు. రోగికి అది మేలే, ప్యానెల్ ముందు నిలబడ్డవాడికే ముప్పు. కొన్ని బ్రేకర్లకు మెయింటెనెన్స్ మోడ్ ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు అది ఆన్ చేస్తే బ్రేకర్ ఆలస్యం లేకుండా ట్రిప్ అవుతుంది. స్విచ్ ఉన్న సంగతి నైట్ డ్యూటీ వాళ్లకు ఎవరూ చెప్పరు, అదో విచిత్రం.

అపోహ: "రబ్బరు గ్లవ్స్ ఉన్నాయిగా."

అవి చేతులకు, అదీ షాక్ తగలకుండా. ముఖానికీ ఛాతీకీ ఆర్క్ రేటింగ్ ఉన్న (ఆర్క్ వేడిని ఎంతవరకు ఆపగలవో పరీక్షించి అంకె వేసిన) బట్టలూ షీల్డూ కావాలి. పాలిస్టర్ చొక్కా అయితే కరిగి ఒంటికే అతుక్కుంటుంది.

అపోహ: "మెయిన్ ఆపేశాం, ఇక కరెంటు లేదు."

మెయిన్ నుంచి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్‌కు రెండు వైపుల నుంచి సప్లై వస్తుంది. మెయిన్ పోగానే జనరేటర్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. యూపీఎస్ సంగతి సరేసరి. అన్నిటికీ తాళం వేసి, మీటరును ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత పనిచేసే చోట చూసి, మళ్లీ కరెంటున్న చోట చూడాలి. మీటరే పాడై ఉంటే? ఆ చివరి పరీక్ష అందుకే.

అపోహ: "ఆర్క్ ఫ్లాష్ లెక్కల స్టడీ ఎప్పుడో చేయించాం, లేబుళ్లూ ఉన్నాయి."

ఎలక్ట్రికల్ సేఫ్టీకి అమెరికా ప్రమాణమైన ఎన్‌ఎఫ్‌పీఏ 70ఈ ప్రకారం ఎంత ఆలస్యమైనా 5 ఏళ్లకోసారి దాన్ని తిరిగి చూడాలి. ట్రాన్స్‌ఫార్మరో జనరేటరో మారితే అంతవరకూ ఆగకూడదు. నేనైతే లేబుల్ మీద తేదీ చూశాక, బ్రేకర్ డయల్‌ను రిపోర్టులోని సెట్టింగ్‌తో పోల్చి చూస్తాను. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని విసిగి ఎవరైనా డయల్ తిప్పేసి ఉంటే, ఆ లేబుల్ మీది అంకెను నమ్మి బట్టలు ఎంచుకోలేం.